తొమ్మిదిన్నర వేల బ్యాగ్‌పైప్

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది తిరుపతి, కొర్లగుంట. మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. మొన్న జనవరి 29న టీవీలో బీటింగ్ రిట్రీట్ చూశాడు. ఆర్మీ వాళ్ళు బ్యాగ్‌పైప్‌లు వాయిస్తూ నడిచొచ్చినప్పటి నుంచి వాడికి అదే ధ్యాస. సంగీతం బొత్తిగా రాదని కాదు, చిన్నప్పుడు రెండేళ్ళు వేణువు నేర్చుకున్నాడు. ఆన్‌లైన్‌లో రూ.9,500కు ఫుల్ సెట్ చూసి కార్ట్‌లో పెట్టుకుని కూర్చున్నాడు. రోజ్‌వుడ్ అట, నల్ల పాలిష్, వెండి రంగు బిళ్ళలు, పెట్టె, పుస్తకం, రీడ్లు, పైగా ప్రాక్టీస్ చాంటర్ అనేది ఒకటి ఫ్రీ. స్కాట్లాండ్‌లో చేసినవి లక్ష పైమాటే అంటున్నారు. మా వారేమో "ముందు చౌకది కొందాం, మోజు తీరిపోతే పోయేది తొమ్మిది వేలే కదా" అంటున్నారు. "ఊది ఊది ఊపిరితిత్తులు పాడుచేసుకుంటాడు" అని మా అత్తగారిది ఒకటే గొడవ. ఇక్కడ నేర్పేవాళ్ళు కూడా కనబడలేదు. పక్క వీధిలో నాదస్వరం మాస్టారు ఒకాయన ఉన్నారు, ఆయన దగ్గర చేర్చవచ్చా? అసలు కొనమంటారా, వద్దంటారా?
– ఒక తల్లి

జవాబు: చెల్లెమ్మా, ఆ సెట్ కొనకండి. ఆ తొమ్మిదిన్నర వేలు మాత్రం వెనక్కి దాచుకోనక్కర్లేదు, వాడి ముచ్చట మీదే ఖర్చు పెట్టండి. ఎలాగో చెబుతాను.

మీ వారి లెక్క తప్పని అనను. పిల్లల మోజులు మనకు తెలియనివా? కరాటే డ్రెస్సు, స్కేటింగ్ షూస్, కీబోర్డు, అన్నీ చివరికి చేరేది అటక మీదికే. మీ అబ్బాయి గిటార్ అడిగి ఉంటే నేనూ ఆయన మాటే చెప్పేవాణ్ణి. నాలుగు వేల గిటార్‌కు మంచి తీగలు వేసి, బ్రిడ్జి కాస్త దించితే మొదటి ఏడాది గడిచిపోతుంది. తబలా అయినా, హార్మోనియం అయినా అంతే, చౌకదాంట్లో కూడా స రి గ మ లు పలుకుతాయి. చౌక బ్యాగ్‌పైప్‌తో ఆ వెసులుబాటు లేదు. చాలాసార్లు అది పలకనే పలకదు. పలికినా ఎవరి తప్పు వల్ల అలా పలుకుతోందో నేర్చుకునేవాడికి అర్థం కాదు. అసలు చిక్కు అక్కడుంది.

దాని తీరు ఒకసారి చూడండి. మధ్యలో గాలి సంచి. ఒకప్పుడు గొర్రె తోలుదో, పశువు తోలుదో ఉండేది, ఇప్పుడు ఎక్కువగా సింథటిక్ బట్టవి వస్తున్నాయి. దానికి ఐదు గొట్టాలు. ఒకటి నోటితో ఊదేది. ఊదిన గాలి వెనక్కి రాకుండా దాని లోపలి కొసన ఒక మూత, అంటే వాల్వ్ ఉంటుంది. రెండోది చాంటర్, వేళ్ళు ఆడేది దాని మీదే. మిగిలిన మూడూ భుజం మీద నిలబడే డ్రోన్లు. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది. మన మేళంలో ఒత్తు చేసే పనే ఈ మూడూ చేస్తాయి, ఆధార షడ్జాన్ని తెగకుండా పట్టి ఉంచుతాయి. పొట్టివి చాంటర్ షడ్జానికి ఒక స్థాయి కింద, పొడుగుది రెండు స్థాయిల కింద. మన వీధిభాగవతాల వాళ్ళు శ్రుతికి వాడిన మేకతోలు తిత్తి కూడా ఈ జాతిదే. కాకపోతే దానికి వేళ్ళతో వాయించే గొట్టం ఉండదు, ఉత్త శ్రుతి మాత్రమే.

ఇక రీడ్లు, అంటే గాలికి అదిరి స్వరం పుట్టించే పలుచటి రేకులు. చాంటర్‌లో రెండు రేకులు కలిపి కట్టినది, నాదస్వరం పీక లాంటిదే కానీ దాన్ని నోట్లో పెట్టుకోరు, లోపల దాగి ఉంటుంది. డ్రోన్లలో ఒక్క నాలుక ఉండే రీడ్లు మూడు. మొత్తం నాలుగు. ఈ నాలుగూ ఒకే సంచిలోని గాలితో, ఒకే ఒత్తిడి మీద, ఒకేసారి మోగాలి. నీటి మట్టంతో కొలిస్తే ఆ ఒత్తిడి సుమారు 30 అంగుళాలు ఉంటుంది. వాయించేవాడు ఊపిరి తీసుకునే క్షణంలో మోచేత్తో సంచిని నొక్కి ఆ ఒత్తిడి పడిపోకుండా చూసుకోవాలి. అన్నీ సరిగా ఉన్న వాద్యం మీదే ఇది నెలల పని. ఒక్క కీలు దగ్గర గాలి పోయినా, ఒక్క రీడ్ మొండికేసినా మిగతా మూడూ దారి తప్పుతాయి.

తొమ్మిది వేలకు ఐదు గొట్టాలు తరిమెన (లేత్) పట్టి, బిళ్ళలు బిగించి, సంచి కుట్టి, పెట్టెలో పెట్టి, కొరియర్‌కిచ్చి, అమ్మేవాడి లాభం కూడా తీసేశాక రీడ్లకు, లోపలి రంధ్రం పనికి మిగిలేది ఎంత? అలాంటి సెట్లు రిపేరుకు వచ్చినప్పుడు విప్పి చూశాను. పైన చూస్తే కన్ను తిప్పుకోలేం. తిరగేసి లైటు కింద పెడితే తెలుస్తుంది సంగతి. చాంటర్ లోపలి రంధ్రం సన్నగా మొదలై కిందికి పోయేకొద్దీ నున్నగా వెడల్పవ్వాలి. వీటిలో గరుకు గరుకుగా, అక్కడక్కడ మెట్లు మెట్లుగా ఉంటుంది. వేళ్ళు పెట్టే రంధ్రాల అంచుల్లో పీచు లేచి ఉంటుంది. నల్లగా మెరిసేది నల్ల కర్ర కాదు, మామూలు కర్రకు కొట్టిన రంగు. మన ఎండలో పది నిమిషాలు పట్టుకుంటే చెమటకు ఆ రంగు వేళ్ళకంటుకుంటుంది. రోజ్‌వుడ్ అని రాసేది ఎక్కువగా ఉత్తరాది శీషం కర్ర, మన జిట్రేగికి చుట్టం. ఆ కర్ర చెడ్డదేమీ కాదు, బాగా ఆరబెట్టి చేస్తే పలుకుతుంది కూడా. పచ్చికర్రను తొందరగా తరిమెన పట్టడంతోనే వస్తుంది బాధంతా. ఆరు నెలల్లో ఒంపు తిరుగుతుంది, కీళ్ళు వదులవుతాయి. డ్రోన్ శ్రుతి చేయడానికి పైకీ కిందికీ జరపాల్సిన కీలు అయితే బిగుసుకుపోతుంది, లేదంటే జారిపోతుంది.

మీ అబ్బాయి ఆ సెట్‌ను పెట్టెలోంచి తీసి ఊదాడనుకోండి. పంక్చరైన ట్యూబుకు గాలి కొట్టినట్టే ఉంటుంది. ముఖం ఎర్రబడుతుంది, కళ్ళు తిరుగుతాయి, కీచుమని ఒక అరుపు వచ్చి ఆగిపోతుంది. వాడేమనుకుంటాడు? వాద్యం బాగాలేదనుకోడు, "నాకు దమ్ము చాలలేదు" అనుకుంటాడు. యూట్యూబ్‌లో ఎవరో పదేళ్ళ పిల్ల హాయిగా వాయిస్తుంటే చూసి ఇంకా కుంగిపోతాడు. మీ వారేమో వారం తిరిగేసరికి "చూశావా, మోజు తీరిపోయింది" అంటారు. మోజు తీరలేదమ్మా, దాన్ని చంపేశారు. "చౌకది కొని చూద్దాం" అంటే పిల్లవాడిని పరీక్షించడం కదా? ఈ పద్ధతిలో పరీక్ష పెట్టేది పిల్లవాడికి కాదు, ఆ డబ్బా సరుకుకు. మార్కులు మాత్రం వాడి ఖాతాలో పడతాయి.

"సరే, కొనేసి బాగు చేయించుకుంటాం" అనేవాళ్ళూ ఉన్నారు. చాంటర్ మార్చాలి, మంచి ప్లాస్టిక్ చాంటర్ ఒక్కటే మీ సెట్ ధరంత ఉంటుంది. సింథటిక్ డ్రోన్ రీడ్లు మూడూ కలిపి దాదాపు అంతే. గాలి నిలిచే సంచి దానికి రెట్టింపు. ముప్పై వేలు దాటాక చేతిలో మిగిలేవి పాత డ్రోన్లు, పెట్టె. అమ్ముదామంటే కొనేవాడు ఉండడు. మంచి సెట్ అయితే పదేళ్ళ తర్వాత కూడా పెట్టిన డబ్బులో సగానికి పైగా చేతికొస్తుంది.

ఇంకో మాట, న్యాయంగా చెప్పాలి కాబట్టి చెబుతున్నా. మన దగ్గర, మన పక్క దేశంలో చేసినవన్నీ పనికిరానివని కాదు. పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ బ్యాగ్‌పైప్‌లకు ప్రపంచమంతా పేరున్న ఊరు. మన దేశంలో బ్యాండ్ వాద్యాలంటే మీరట్, అక్కడి జలీ కోఠీ. ఉత్తరాదిలో ఎన్నో బడి బ్యాండ్లు దేశవాళీ పైపులతోనే నడుస్తున్నాయి. ఒకే ఊళ్ళో గోడకు తగిలించుకునే అలంకారం సెట్టూ చేస్తారు, బ్యాండ్ వాళ్ళు ఆర్డరిచ్చి చేయించుకునే సెట్టూ చేస్తారు. ఫోటోలో రెండూ ఒకేలా ఉంటాయి. పైగా బ్యాండ్‌లో కుర్రాడి వెనక పైప్ మేజర్ అని ఒకాయన ఉంటాడు. రీడ్‌ను బ్లేడుతో గీకి పలుచన చేసేది, శ్రుతి హెచ్చిన రంధ్రానికి టేపు అంటించి దించేది, కీళ్ళకు మైనం పూసిన దారం చుట్టేది ఆయనే. కొర్లగుంటలో మీ వాడికి ఆ మనిషి లేడు. అందుకే బ్యాండ్‌లో నడిచే చౌక సెట్ ఇంట్లో నడవదు. ప్రకటనలో "సియాల్‌కోట్ ఒరిజినల్" అని ఉంటే ఇంకాస్త జాగ్రత్త. పాకిస్తాన్ సరుకు దిగుమతిని మన ప్రభుత్వం 2025 మే నుంచి పూర్తిగా నిషేధించింది. ఆ పేరు చెప్పి కొత్త సరుకు అమ్మేవాడు ఏదో ఒకచోట అబద్ధమాడుతున్నట్టే.

ఇక కొనాల్సింది. ఆ ప్రకటనలో "ఫ్రీ" అని చివర పడేశారే, ప్రాక్టీస్ చాంటర్, మొదట కావాల్సింది అదే. కాకపోతే ఆ ఫ్రీది కాదు, మంచిది.

స్కాట్లాండ్‌లో పుట్టి పెరిగిన పిల్లలు కూడా సంచి ముట్టుకోకముందు ఆరు నెలల నుంచి ఏడాది దాకా దీని మీదే సాధన చేస్తారు. పెద్ద పైపర్లు కొత్త పాట నేర్చుకునేటప్పుడు ఇప్పటికీ తీసేది దీన్నే. చూడ్డానికి సన్నటి పిల్లనగ్రోవిలా, రెండు ముక్కలుగా ఉంటుంది. పై ముక్క విప్పితే లోపల చిన్న ప్లాస్టిక్ రీడ్. సంచి లేదు, డ్రోన్లు లేవు. ఊదడానికి పెద్ద దమ్మేమీ అక్కర్లేదు. అసలు చాంటర్‌కంటే ఒక స్థాయి కింద పలుకుతుంది, చప్పుడు పక్క గదికి వినబడితే ఎక్కువ. బాగా పేరున్న స్కాట్లాండ్ తయారీదారుల ప్లాస్టిక్ ప్రాక్టీస్ చాంటర్, కొరియర్, కస్టమ్స్ అన్నీ కలుపుకుని మీ తొమ్మిదిన్నర వేలకు అటూ ఇటూగా ఇల్లు చేరుతుంది. అదే డబ్బు. దానితో ఒక వాద్యం పూర్తిగా, సరిగా చేతికొస్తుంది. అటక మీద చేరినా ఎవరైనా కొంటారు.

కొనేటప్పుడు "లాంగ్" అని అడగండి. మీ వాడి వయసుకు వేళ్ళ మధ్య ఎడం అసలు చాంటర్‌కు దగ్గరగా ఉండాలి. కర్ర వద్దు, ప్లాస్టిక్కే మేలు. తిరుపతిలో మే నెల ఎండా చూశారు, నవంబర్ ముసురూ చూశారు. స్కాట్లాండ్ వాళ్ళు గొప్పగా చెప్పుకునే ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్ కూడా పొడి వేడికి నెర్రెలిస్తుంది. ప్లాస్టిక్‌కు ఆ బెంగ లేదు. రీడ్లు ఒకటి రెండు అదనంగా తెప్పించుకోండి, ఇక్కడ షాపుల్లో దొరకవు.

వచ్చాక మీరే పరీక్షించవచ్చు. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి కింది షడ్జం నుంచి పై షడ్జం దాకా ఒక్కో స్వరం నిలిపి ఊదమనండి. అన్నీ ఒకే దమ్ముతో స్థిరంగా రావాలి. ఏదో ఒక స్వరం కోసం ప్రత్యేకంగా గట్టిగా ఊదాల్సి వస్తే రీడ్‌ను కాస్త లోపలికో బయటికో జరిపి చూడాలి. ఎంత జరిపినా ఒక్క స్వరమే మొండికేస్తోందంటే రంధ్రం చోటు తప్పిందన్నమాట, వాపసు పంపేయండి. ఫ్రీగా వచ్చే చాంటర్లలో ఇదే రోగం.

మీ వాడు వేణువు నేర్చుకున్నాడన్నారు కాబట్టి ఈ ముక్క వాడికి చదివి వినిపించండి. చాంటర్ మీద ఉండేవి తొమ్మిదే స్వరాలు. మంద్ర నిషాదం ఒకటి, అక్కణ్ణుంచి స రి గ మ ప ద ని, పై స. అవి హరికాంభోజి స్వరాలు. కైశికి నిషాదం ఒక్కటే ఉంటుంది, కాకలి లేదు. కాబట్టి శంకరాభరణం వెతుక్కోవద్దు. మన సరళీ స్వరాలు మాయామాళవగౌళలో కదా, ఆ శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం దీని మీద ఉండవు, అంటే మన మొదటి పాఠమే కుదరదు. మోహనం మాత్రం పుట్టినిల్లులా ఉంటుంది, స్కాట్లాండ్ పాటల్లో అయిదు స్వరాలవి చాలా ఉన్నాయి. శుద్ధ సావేరి కూడా పలుకుతుంది. సగం రంధ్రం మూసి గమకం పట్టే వేణువు అలవాటును మాత్రం కొన్నాళ్ళు కట్టిపెట్టాలి. ఇక్కడ వేలు తీస్తే పూర్తిగా తీయాలి, వేస్తే పూర్తిగా వేయాలి, అదీ వేలి కొసతో కాకుండా వేలి మధ్య కణుపుల మెత్తటి భాగంతో.

ఇంకో వింత ఉంది. వేణువులో స స స అనాలంటే నాలుకతో తుంచుతాం. బ్యాగ్‌పైప్‌లో సంచి గాలి ఆగదు, నాలుకకు పనే లేదు. మూడు షడ్జాలు వరసగా వాయిస్తే ఒకటే పొడుగు షడ్జంలా వినబడుతుంది. హెచ్చు తగ్గులు కూడా లేవు, మెల్లగా వాయించడమనేదే ఉండదు. కాబట్టి స్వరానికీ స్వరానికీ మధ్య కనురెప్ప పాటు ఇంకో వేలు లేపి దింపుతారు, దాన్నే గ్రేస్ నోట్ అంటారు. అది "టిక్" మని తెగ్గొడుతుంది. ఒక్కోటి, తర్వాత రెండు కలిపి, మూడు నాలుగు కలిపి ఇలా వరసలుంటాయి. బ్యాగ్‌పైప్ విద్యంతా ఇదే. ఇది వేళ్ళకు పట్టడానికే ఆ ఆరు నెలలు, ఏడాది. సంచి తగిలించుకున్నాక నేర్చుకుందామంటే కుదరదు, ఊదడం, నొక్కడం, వేళ్ళు మూడూ ఒకేసారి మీద పడతాయి.

నాదస్వరం మాస్టారి సంగతి. చేర్చండి అనీ అనను, వద్దనీ అనను. తాళం, స్వరజ్ఞానం, కూర్చునే ఓపిక ఆయన దగ్గర దొరుకుతాయి. వాడికి తీరిక ఉంటే అది మంచిదే. ఊరిలోనే టీటీడీ వారి సంగీత నృత్య కళాశాల ఉంది, నాదస్వరం, డోలు నేర్పే పాఠశాల ఉంది, ఇలాంటి అదృష్టం ఎన్ని ఊళ్ళకుంది చెప్పండి. కానీ వాద్యం పని వేరు. నాదస్వరంలో పీక పెదాల మధ్య ఉంటుంది, పెదవి బిగువుతో, ఊదే తీరుతో స్వరాన్ని వంచుతారు. బ్యాగ్‌పైప్‌లో రీడ్‌కు పెదవి తగలదు. ఆయన నేర్పే అందాల్లో సగం ఇక్కడ పనికిరావు, ఇక్కడి గ్రేస్ నోట్లు ఆయనకు అక్కర్లేదు. అయితే నాలుగు మాటలు మాట్లాడించడానికి తీసుకెళ్ళండి. పీక కోయడం, దారం కట్టడం చూస్తే రీడ్ అంటే ఏమిటో మీ వాడికి పుస్తకం కన్నా బాగా తెలుస్తుంది.

నేర్పేవాళ్ళకు రెండు దారులు. ఒకటి, మన జిల్లాలో మాజీ సైనికులు తక్కువేం కాదు. ఆర్మీ రెజిమెంట్లలో పైప్ బ్యాండ్లున్నాయి, వాటిలో పనిచేసి రిటైరై వచ్చినవాళ్ళు ఏ పల్లెలోనో ఉండవచ్చు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఒకసారి వెళ్ళి "పైప్ బ్యాండ్‌లో చేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా" అని అడగండి. దొరికితే అంతకన్నా కావాల్సిందేముంది? పైప్ మేజరే ఇంటికి వచ్చినట్టు. రెండోది, ఆన్‌లైన్ పాఠాలు. గ్లాస్గోలోని నేషనల్ పైపింగ్ సెంటర్ లాంటివి వీడియో కాల్‌లో చెబుతాయి. మన రాత్రి తొమ్మిది వాళ్ళకు మధ్యాహ్నం మూడున్నరో నాలుగున్నరో అవుతుంది, కాలేజీకి అడ్డం రాదు. ఫీజు పౌండ్లలో కాబట్టి ప్రతి వారం వద్దు, నెలకొకటి చాలు. ఆ నెలలో వేళ్ళకు ఏ తప్పు అలవాటు పడిందో చూసి సరిదిద్దేవాళ్ళు ఒకరుండాలి, అంతే. ఉత్త యూట్యూబ్ మీద నేర్చుకుంటే పాట వస్తుంది కానీ గ్రేస్ నోట్లు నలిగిపోతాయి. తర్వాత అవి విరిచి కట్టడం నేర్పేవాడికీ నేర్చుకునేవాడికీ నరకం.

మీ అత్తగారి మాటకు వస్తాను. ఊపిరితిత్తులు పాడవవు. దీనికి దమ్ము ఎక్కువ కావాలనేది అపోహ, నిలకడగా ఊదడం కావాలి. బుగ్గలు పూరించి ఊదకూడదు, మొదట్లో ఐదు నిమిషాలకొకసారి ఆగాలి, తల తిరిగితే పక్కన పెట్టాలి. ఆస్తమా ఉంటే మాత్రం డాక్టర్‌ను అడిగే మొదలుపెట్టాలి. కానీ పెద్దావిడ భయం ఉత్తదే అని నవ్వేయకండి, అందులో వేరే రకం నిజం ఉంది. 2016లో థోరాక్స్ అనే వైద్య పత్రికలో ఒక కేసు అచ్చయింది. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ డాక్టర్లు రాశారు. రోజూ బ్యాగ్‌పైప్ వాయించే 61 ఏళ్ళ మనిషికి ఏళ్ళ తరబడి దగ్గు, ఆయాసం. మూడు నెలలు ఆస్ట్రేలియా వెళ్ళినప్పుడు వాద్యం వెంట లేదు, ఆరోగ్యం కుదుటపడింది. తిరిగొచ్చాక మళ్ళీ మొదలు. వాద్యం లోపల తేమకు బూజులు పెరిగి ఉన్నాయి, వాటిని పీల్చడం వల్లే ఊపిరితిత్తులు దెబ్బతిని ఉంటాయని వాళ్ళు అభిప్రాయపడ్డారు. ఆయన బతకలేదు. భయపెట్టడానికి చెప్పడం లేదు, రోజూ వాయించాక విప్పి, పొడిగుడ్డతో లోపల తుడిచి, గాలికి ఆరబెడితే చాలు. ఊదేసి తడిగానే పెట్టెలో పెట్టి మూసేయడమే తప్పు. మన ముసురు రోజుల్లో ఇంకా జాగ్రత్త. ఈ పని మీ అత్తగారికే అప్పజెప్పండి, మనవడు తుడిచాడా లేదా అని ఆవిడ కంటే గట్టిగా ఎవరూ కనిపెట్టలేరు.

ఏడాది తర్వాత వాడు వదలకుండా ఉంటే అప్పుడు పైపుల మాట. అప్పుడైనా నేరుగా లక్షకు ఎగబడనక్కర్లేదు. మధ్యలో "గూస్" అనేది ఒకటుంది. సంచి, ఊదే గొట్టం, ప్రాక్టీస్ చాంటర్, ఇంతే, డ్రోన్లుండవు. మోచెయ్యి, ఊపిరి కలపడం దానితో అలవాటవుతుంది. ఆ తర్వాత పేరున్న వర్క్‌షాప్ చేసిన ప్లాస్టిక్ సెట్, వెయ్యి పౌండ్లకు అటూ ఇటూ, అంటే లక్ష దాటుతుంది. లేదా తెలిసిన పైపర్ చేత చూపించి కొన్న సెకండ్ హ్యాండ్. సెకండ్ హ్యాండ్‌లో నగిషీ చూడకండి, సంచి గట్టితనం చూడండి. గొట్టాలన్నీ తీసి, వాటి చోట్లకు రబ్బరు బిరడాలు బిగించి, ఊదే గొట్టం నుంచి సంచి నిండా గాలి పట్టి వదిలేయాలి. ఒకటి రెండు నిమిషాలు అది రాయిలా ఉంటే సంచీ వాల్వూ రెండూ బాగున్నట్టు. మెత్తబడిపోతే ధర దగ్గర మాట్లాడుకోవచ్చు. బిళ్ళల కింద కర్ర నెర్రెలు గోటితో తడిమి చూడాలి, మైనం పూసి కప్పేసి ఉంటారు.

అప్పటికి ఇంకో సమస్య వస్తుంది, ఇరుగు పొరుగు. ప్రాక్టీస్ చాంటర్‌కు ఎవరూ ఏమీ అనరు. అసలు పైపులు ఆరుబయట వాయించేవి, గదిలో వాయిస్తే వాయించేవాడి చెవులకే మంచిది కాదు. కొర్లగుంట సందుల్లో ఒక సాయంత్రం వాయిస్తే మర్నాడు మీ ఇంటి ముందు పంచాయితీ. ఎస్వీ యూనివర్సిటీ వైపు ఖాళీ మైదానమేదైనా చూసుకుని తెల్లవారుజామున వాకింగ్ వాళ్ళకు దూరంగా వాయించుకోవాలి, చెవుల్లో ఇయర్ ప్లగ్గులు పెట్టుకుని. శ్రుతి సంగతి కూడా ముందే తెలిసి ఉంటే మంచిది. దీని షడ్జం మన లెక్కలో ఆరున్నర శ్రుతికి కాస్త పైన ఉంటుంది. కాలేజీ ఫంక్షన్‌లో కీబోర్డు కుర్రాడితో కలిసి వాయిద్దామంటే రెండూ కొట్టుకుంటాయి.

వాడికి ఈ ఏడాది ఇంటర్ పరీక్షలు, ఎంసెట్ (ఇప్పటి పేరు ఈఏపీసెట్) టెన్షన్ కూడా ఉంది కదా. రోజుకు ఇరవై నిమిషాలకు మించనివ్వకండి. నిజానికి ఆ ఇరవై నిమిషాలు గ్రేస్ నోట్లకు సరిగ్గా సరిపోతాయి, ఆదివారం మూడు గంటలు ఊదడం కన్నా రోజూ ఇరవై నిమిషాలు వేళ్ళకు ఎక్కువ పని నేర్పుతాయి. ఇవాళ రాత్రి కార్ట్‌లోంచి ఆ సెట్ తీసేయించండి. "కొనను" అని చెప్పకండి, ప్రాక్టీస్ చాంటర్ ఆర్డర్ పెట్టాక చెప్పండి. ఈలోగా పాత వేణువు వెతికి, హరికాంభోజి స్వరాలు ఆరోహణ, అవరోహణ గుర్తు తెచ్చుకోమనండి. పార్సిల్ వచ్చేసరికి రెండు మూడు వారాలు పట్టొచ్చు, కస్టమ్స్ వాళ్ళు కేవైసీ అడిగితే ఆధార్ కాపీ సిద్ధంగా ఉంచుకోండి.